అద్దాల తొట్టిలో పాకుడు

ముచ్చటపడి తెచ్చుకున్న అక్వేరియం నెల తిరక్కుండానే పచ్చబడిపోతోందా? తుడిచిన అద్దం వారానికే మళ్లీ మసకబారుతోందా? అయితే ముందు ఆ పీచూ బకెట్టూ పక్కన పెట్టండి. తప్పు చేపలది కాదు... నాచుదీ కాదు!

ఆదివారం ఉదయం. విశాఖలో చేపల తొట్టి ఉన్న ఏ ఇంట్లోనైనా కనిపించే దృశ్యమే. హాలంతా తడి. ప్లాస్టిక్ బకెట్లో బిక్కుబిక్కుమంటూ నాలుగు గోల్డ్‌ఫిష్‌లు. లుంగీ పైకి కట్టిన ఇంటాయన తొట్టిని బాత్‌రూమ్‌లో పెట్టి పీచుతో రుద్దుతుంటాడు. పెద్దబ్బాయి గులకరాళ్లన్నీ జల్లెడలో పోసి కుళాయి కింద కడుగుతుంటాడు. ఫిల్టర్‌లోని స్పాంజిని చిన్నమ్మాయి సబ్బు పెట్టి మరీ పిండుతుంటుంది. 'ఈ చేపలొద్దు మొర్రో అంటే విన్నారా' అని వంటింట్లోంచి ఇల్లాలి సణుగుడు. మధ్యాహ్నానికల్లా తొట్టి తళతళ! సాయంత్రం వచ్చిన చుట్టాలు 'ఎంత శుభ్రంగా ఉంచుకుంటారండీ' అంటారు. పడ్డ కష్టమంతా ఆ ఒక్క మాటతో తీరిపోతుంది.

మంగళవారానికి నీళ్లు పలచటి పాలలా తెల్లబారతాయి. బుధవారం ఓ చేప నీటి పైకొచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుంది. శుక్రవారం పొద్దున వెల్లకిలా తేలుతుంది. 'ఇంటికి రావాల్సిన కీడు చేప మీదికి పోయిందిలే' అని పెద్దావిడ సర్దిచెబుతుంది. పది రోజులు గడిచేసరికి అద్దం మీద మళ్లీ పొర... ఈసారి గోధుమరంగులో!

ఆ చేపను చంపింది కీడూ కాదు, దిష్టీ కాదు. ఆదివారం నాటి అతి శుభ్రత. పాకుడు తిరిగి రావడానికీ సగం కారణం అదే. నమ్మశక్యంగా లేదు కదూ! అసలు తొట్టిలో ఏం జరుగుతుందో తెలిస్తే నమ్మక తప్పదు.

పాచి, పాకుడు, నాచు

వీటికి మన భాషలో ఒకటికి మూడు మాటలున్నాయి. బావి గట్టు మీద కాలు జారేలా చేసేది పాకుడు. జిగురుగా, తెట్టెలా పట్టేది పాచి. పోగుల్లా, కుచ్చుల్లా నీళ్లలో ఊగేది నాచు. చేపల తొట్టిలో మూడూ కనిపిస్తాయి. పొద్దున్నే పళ్ల మీద ఉండేదాన్నీ పాచి అనే అంటాం. పెద్దవాళ్లు ఆ మాట ఊరికే పెట్టలేదు. అదీ సూక్ష్మజీవులు కట్టిన పొరే, ఇదీ అలాంటి పొరే. కాబట్టి ఒకసారి తోమితే జన్మంతా సరిపోతుందనుకోవడం రెండుచోట్లా అత్యాశే.

నాచు ఎక్కడి నుంచి వస్తుందన్నది చాలామందికి సందేహం. గాలిలోంచి వస్తుంది, మొక్కల ఆకుల్ని పట్టుకుని వస్తుంది, దుకాణంలో చేపను వేసి ఇచ్చిన కవరు నీళ్లలో వస్తుంది. దాన్ని రాకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. వచ్చినదానికి కడుపునిండా తిండీ, ఒళ్లంతా వెలుతురూ దొరికాయా లేదా అన్నదే ప్రశ్న.

కైకలూరు, భీమవరం వైపు చేపల చెరువుల రైతులైతే ఈ బాధ విని నవ్వుకుంటారు. వాళ్లు డబ్బు ఖర్చుపెట్టి మరీ నీటిని పచ్చబరుస్తారు. పేడ వేస్తారు, సూపర్ ఫాస్ఫేట్ చల్లుతారు. నీరు పచ్చగా తిరిగితే చేపకు మేత తయారైనట్టే. నలుపు తెలుపు రంగులేసిన పళ్లేన్ని తాడుతో నీటిలోకి దించి, ఎంత లోతులో కంటికి కనపడకుండా పోతుందో చూసి చెరువు సత్తువ అంచనా వేస్తారు. అక్కడ పంటకు పెట్టుబడి అయినదే ఇక్కడ అద్దాల తొట్టిలో తలనొప్పి. పచ్చదనం మితిమీరితే మాత్రం ఆ రైతుకూ కంటిమీద కునుకుండదు. పగలు ఆక్సిజన్ విడుదల చేసే ఆ నాచే రాత్రంతా ఆక్సిజన్ పీల్చుకుంటుంది. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరిస్తే ఏరేటర్ల స్విచ్ కోసం పరుగే పరుగు. ఇంట్లో తొట్టి నీళ్లు బాగా పచ్చబడినప్పుడు పొద్దున్నే చేపలు అలా చేస్తున్నాయంటే కారణం ఇదే కావచ్చు.

ఈశాన్యం మూల ఎండ

విశాఖకు సముద్రం తూర్పున. కాబట్టి సముద్రం కనిపించే బాల్కనీ అంటే ఉదయపు ఎండ నేరుగా పడే బాల్కనీ అన్నమాట. మే, జూన్ నెలల్లో ఐదున్నరకల్లా సూర్యుడు వచ్చేస్తాడు. దానికి తోడు వాస్తు. అక్వేరియం ఈశాన్యం మూలనో, తూర్పు గోడకో ఉండాలంటారు. ఆ పక్కనే కిటికీ. ఇంకేముంది! పొద్దున మూడు గంటలు సూర్యుడు, సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా ట్యూబ్‌లైటు. నాచుకు అంతకన్నా ఏం కావాలి?

వాస్తును కాదనక్కర్లేదు. అదే మూలలో ఉంచి, కిటికీకి మందపాటి తెర వేసినా సరిపోతుంది. తొట్టి వెనక అద్దానికి నల్ల కాగితం అంటిస్తే ఆ వైపు నుంచి వచ్చే వెలుతురు ఆగుతుంది, చేపల రంగులూ బాగా కనిపిస్తాయి. లోపలి దీపం రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు. మొక్కలు లేని తొట్టికైతే చూసుకునేటప్పుడు వేసుకుంటే చాలు. దీపం ఆపడం మరిచిపోయేవాళ్లకు టైమర్ ఉన్న ప్లగ్గు కొనుక్కోవడమంత సుఖం లేదు.

నీడకున్న బలం పెద్ద జలాశయాల దగ్గరా తెలుస్తుంది. నగరానికి చేరువలోని ముడసర్లోవ జలాశయం మీద 2018లో 2 మెగావాట్ల తేలే సౌర పలకలు పరిచారు. పరవాడ దగ్గర ఎన్టీపీసీ సింహాద్రి జలాశయం మీద 2021లో ఏకంగా 25 మెగావాట్లవి వచ్చాయి. వాటి అసలు పని కరెంటు. అయితే పలకలు కప్పిన మేర నీటికి ఎండ తగలదు. ఆవిరయ్యే నీరూ తగ్గుతుంది, నాచుకు అందే వెలుతురూ తగ్గుతుంది. ఇంట్లో ఆ పని అంతరతామర మొక్కలు నాలుగు చేసిపెడతాయి. నీటిపైన తేలుతూ నీడనిస్తాయి, వేళ్లతో నాచు నోటి దగ్గరి తిండిని లాగేసుకుంటాయి.

గిన్నెలో మిగిలిన మెతుకులు

తిండి అంటే ఏమిటి? చేపలకు వేసే గింజలే! చేప తిన్నదీ తినకుండా వదిలేసిందీ చివరికి అమ్మోనియాగా మారుతుంది. అది చేపకు విషం. దాన్ని నైట్రోసోమోనాస్ వంటి బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే. నైట్రోస్పైరా వంటి మరో జట్టు దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ కాస్త మోతాదులో ఉన్నా చేప తట్టుకుంటుంది, నాచుకు మాత్రం అది విందు భోజనం. గింజల్లోంచే వచ్చే ఫాస్ఫేట్ ఆ విందులో పప్పూ నెయ్యీ లాంటిది.

ఈ బ్యాక్టీరియా నీళ్లలో ఈదుతూ ఉండవు. గులకరాళ్ల మీద, ఫిల్టర్ స్పాంజిలో, అద్దం మీద అంటుకుని ఉంటాయి. కొత్త తొట్టిలో ఇవి తగినంతగా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆదివారం నాడు క్లోరిన్ కలిసిన కుళాయి నీళ్ల కింద రాళ్లు కడిగి, స్పాంజికి సబ్బు పెట్టారంటే ఆరు వారాల సైన్యాన్ని ఒక్క పూటలో తుడిచిపెట్టినట్టే. సోమవారం నుంచి చేపలు విసర్జించే అమ్మోనియాను మార్చే నాథుడే లేడు. నీళ్లు తెల్లబారడం, చేప పైకి తేలడం... అన్నీ ఆ వరసలో వచ్చేవే.

తీరానికి దగ్గరగా బోరు నీళ్లు వాడేవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. ఉప్పదనం, కఠినత్వం ఉన్న నీటిలో పీహెచ్ కూడా ఎక్కువగా ఉంటుంది. నీటి వేడి 30 డిగ్రీలున్నప్పుడు పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అమ్మోనియాలో చేపను చంపే భాగం దాదాపు పది రెట్లవుతుంది. అదే అమ్మోనియా, అదే తొట్టి... పీహెచ్ ఒక్కటే తేడా. ఇలాంటి నీళ్లున్న ఇంట్లో గప్పీలు, మోలీలు హాయిగా బతుకుతాయి. నియాన్ టెట్రాల లాంటి మెత్తని నీటి చేపల్ని తెచ్చి రోజుకొకటి చొప్పున పోగొట్టుకోవడం ఎందుకు?

అందుకే ఇంగ్లండ్‌లో ఈ వ్యసనం మొదలైన రోజుల్లోనే ఈ లెక్క తేల్చడానికి ఓ రసాయన శాస్త్రవేత్త కూర్చోవాల్సి వచ్చింది. 1850 ప్రాంతంలో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ గాజు పాత్రలో రెండు గోల్డ్‌ఫిష్‌లను, ఒక వాలిస్నేరియా మొక్కను వేశాడు. మొక్క ఆక్సిజన్ ఇస్తుంది, చేప బతుకుతుందన్నది ఆలోచన. కొన్నాళ్లకు ఆకులు కుళ్లి నీళ్లు చెడిపోయాయి, పాత్ర గోడలకు పచ్చటి జిగురు పట్టింది. ఆయన చెరువు నత్తల్ని తెచ్చి వదిలాడు. అవి కుళ్లిన ఆకుల్నీ జిగురునీ తినేశాయి. పాత్ర కుదుటపడింది. 'అక్వేరియం' అన్న మాటను ఫిలిప్ హెన్రీ గాస్ 1854లో తన పుస్తకంతో జనంలోకి తేవడానికి ముందే పాచి సమస్య వచ్చేసిందన్నమాట!

హార్బర్ అనే పెద్ద తొట్టి

ఇంటి తొట్టిలో జరిగేదే కొంచెం పెద్ద ఎత్తున చూడాలంటే విశాఖ వాసులు దూరం వెళ్లనక్కర్లేదు. 1933లో తెరిచిన లోపలి హార్బర్ దాదాపు నాలుగు వైపులా మూసినట్టుండే నీళ్లు. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి ఇరుకైన దారి ఒక్కటే సముద్రంలోకి. నగరపు మురుగు గెడ్డల వెంట వచ్చి ఇందులో కలిసేది. ఫ్యాక్టరీల వ్యర్థాలు సరేసరి. నీళ్లు త్వరగా మారవు, తిండి మాత్రం వస్తూనే ఉంటుంది. అచ్చం వారాల తరబడి నీళ్లు మార్చని, రోజుకు నాలుగుసార్లు గింజలు వేసే తొట్టిలాగే!

1970ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయం జంతుశాస్త్రవేత్తలు పి.ఎన్.గణపతి, ఎ.వి.రామన్ ఈ హార్బర్ కాలుష్యాన్ని వెంటపడి పరిశీలించారు. సేంద్రియ వ్యర్థాలు పెరిగినచోట స్కెలెటోనీమా అనే సూక్ష్మమైన నాచు ఎలా ఒక్కసారిగా విజృంభిస్తోందో రాశారు. స్కెలెటోనీమా డయాటమ్‌ల జాతి. ఒంటి చుట్టూ సిలికాతో గాజులాంటి పెంకు కట్టుకునే జీవులివి. కొత్త తొట్టి అద్దం మీద గోధుమరంగు పొర కట్టేదీ వీటి బంధువులే. హార్బర్లో ఉప్పునీటి రకం, హాల్లో మంచినీటి రకం... అంతే తేడా.

హార్బర్ అడుగును పీచుతో రుద్దుదామని ఎవరూ అనుకోరు. లోపలికొచ్చే మురుగు తగ్గాలనే అంటారు. మరి ఇంట్లో తొట్టి దగ్గరికి వచ్చేసరికి ముందు పీచే ఎందుకు గుర్తొస్తుందో!

రంగును బట్టి రోగం

తొట్టి పెట్టిన మొదటి రెండు నెలల్లో వచ్చే గోధుమరంగు పొర గురించి కంగారు పడక్కర్లేదు. వేలితో రాస్తే పోతుంది. తొట్టి కుదురుకున్నాక దానంతటదే తగ్గిపోతుంది. దాన్ని చూసి భయపడి మొత్తం కడిగేవాళ్లే దాన్ని మళ్లీ మళ్లీ తెచ్చుకుంటారు.

అద్దం మీద గట్టిగా అతుక్కున్న పచ్చ చుక్కలైతే పాత ఏటీఎం కార్డు అంచుతో గీకితే వస్తాయి. అది గాజు తొట్టికి. యాక్రిలిక్ తొట్టి అయితే గీతలు పడతాయి, మెత్తటి స్పాంజే వాడాలి. మొక్కలకు చుట్టుకున్న పచ్చటి దారాల్ని పాత టూత్‌బ్రష్‌తో నూడుల్స్ చుట్టినట్టు చుట్టి లాగేయాలి. ఆకుల అంచున నల్లటి కుచ్చులు కనిపిస్తే అది మహా మొండిది. నిజానికి అది ఎర్ర నాచుల కోవకు చెందింది. గీకినా పోదు. ఆ ఆకును కత్తిరించి పారేయడమే మేలు.

నీలిపచ్చ రంగులో దుప్పటిలా పరుచుకుని, పొరలు పొరలుగా ఊడుతూ, మట్టివాసన లాంటి కంపు కొట్టేది అసలు నాచే కాదు. సయనోబ్యాక్టీరియా. పేరులోనే ఉంది, బ్యాక్టీరియా అని. అడుగున కుళ్లు పేరుకున్నచోట, నీళ్లు కదలనిచోట చేరుతుంది. కొందరు మనుషులకిచ్చే యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చి తొట్టిలో కలిపేస్తుంటారు. మేలు చేసే బ్యాక్టీరియాకూ అవి చేటే. పైగా ఆ నీళ్లు చివరికి పారబోసేది కాలువలోనే. మందులకు లొంగని సూక్ష్మజీవుల్ని పెంచి పోషించడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు. ట్యూబుతో ఆ దుప్పటిని పీల్చేసి, అడుగు చెత్త తీసేసి, నీటి కదలిక పెంచితే చాలావరకు దారికొస్తుంది.

ఇక మొత్తం నీళ్లే పచ్చ రసంలా మారిపోవడం. దీనికి ఎంత తుడిచినా లాభం లేదు, తుడవడానికి అద్దం మీద ఏమీ ఉండదు కదా! ఫిల్టర్ స్పాంజి రంధ్రాల్లోంచి కూడా జారిపోయేంత సూక్ష్మమైన నాచు అది. దీనికి మందు చీకటి. దుప్పటో, నాలుగు పొరల పాత దినపత్రికలో తొట్టి చుట్టూ కప్పి మూడు నాలుగు రోజులు దీపం వేయకుండా ఉంచాలి. అన్నాళ్లూ గింజలు వేయొద్దు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు ఆ కాస్త ఉపవాసానికి ఏమీ కావు. ఏరేటర్ మాత్రం రాత్రీ పగలూ ఆడుతూనే ఉండాలి. చచ్చిన నాచు కుళ్లేటప్పుడు ఆక్సిజన్ లాగేసుకుంటుంది మరి. దుప్పటి తీసిన రోజు మూడో వంతు నీళ్లు మార్చాలి. అది మరిచిపోతే చచ్చిన నాచే కొత్త నాచుకు ఎరువవుతుంది.

వారానికో బకెట్టు

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టి నిండా పోస్తే 56 లీటర్లు. రాళ్లూ ఖాళీ పోగా 50 అనుకుందాం. వారానికి పావు వంతు అంటే పన్నెండు పదమూడు లీటర్లు. ఒక్క బకెట్టు! దీనికోసం చేపల్ని బయటికి తీయక్కర్లేదు, హాలు తడపక్కర్లేదు. సన్నటి ప్లాస్టిక్ ట్యూబు ఒక కొస రాళ్ల మధ్య పెట్టి, రెండో కొస నేల మీది బకెట్లో వేస్తే నీళ్లతోపాటు రాళ్ల సందుల్లోని మలినమూ వచ్చేస్తుంది.

ఒక్కసారి పావు వంతు మారిస్తే ఏ మార్పూ కనిపించలేదని నిరుత్సాహపడేవాళ్లే ఎక్కువ. లెక్క చూడండి. లీటరుకు 80 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉందనుకుంటే మొదటి బకెట్టుతో 60కి దిగుతుంది. రెండో వారం 45. ఈలోపు చేపలు కొత్తగా కలిపేది కూడా ఉంటుంది. నెల పైగా ఓపిక పట్టాలి. నెలల తరబడి పేరుకున్నది ఒక్క ఆదివారంలో పోవాలంటే ఎలా?

కొత్తగా పోసే నీటిలో క్లోరిన్ పోవాలి. మేహాద్రిగెడ్డ నుంచి వచ్చినా, తాటిపూడి, రైవాడల నుంచి వచ్చినా, ఏలేరు నుంచి 150 కిలోమీటర్లకు పైగా కాలువలో ప్రయాణించి వచ్చినా... నీటిని శుద్ధి చేసి క్లోరిన్ కలిపే వదులుతారు. మన కడుపుకు మంచిదే, చేప మొప్పలకు మాత్రం మంట. వెడల్పు మూతి బకెట్లో ముందు రోజే పట్టి ఉంచితే చాలావరకు పోతుంది. తొందరుంటే దుకాణాల్లో దొరికే క్లోరిన్ విరుగుడు చుక్కలు. పాతకాలపు ఫొటో స్టూడియోల్లో 'హైపో' అని వాడిన సోడియం థయోసల్ఫేటే వాటిలో చాలాకాలంగా ఉన్న సరుకు.

ఫిల్టర్ స్పాంజిని కడగాల్సి వస్తే తొట్టిలోంచి తీసిన ఆ పాత నీళ్లలోనే రెండుసార్లు పిండి మళ్లీ పెట్టేయాలి. సబ్బు మాట ఎత్తొద్దు.

గింజలు? రెండు మూడు నిమిషాల్లో చేపలు తినేయగలిగినంతే, రోజుకు ఒకటి రెండుసార్లు. ఇంట్లో నలుగురుంటే నలుగురూ 'పాపం ఆకలితో చూస్తోంది' అని తలో చిటికెడు వేయడమే అసలు ముప్పు. గోల్డ్‌ఫిష్ ఎప్పుడూ అలాగే చూస్తుంది. దానికి కడుపు నిండినట్టు తెలిసే సూచనలేవీ కనిపించవు. గింజల డబ్బా ఒకరి చేతిలోనే ఉంచడం ఉత్తమం, ఆ ఒకరు తాతగారు కాకుండా చూసుకోవాలి.

మనీప్లాంట్ కొమ్మ ఒకటి తుంచి, ఆకులు బయట, వేళ్లు మాత్రం నీళ్లలో ఉండేలా తొట్టి అంచున తగిలిస్తే చాలు. నైట్రేట్ దాని వేళ్లకు ఎరువు. ఖర్చు లేని ఉపాయాల్లో దీన్ని మించింది లేదు.

మందుల విషయానికొస్తే, నాచును చంపే రసాయనాల్లో కొన్నింటిలో రాగి ఉంటుంది. మన మైలుతుత్తం సంగతి తెలిసిందే కదా, అదే. నాచుతోపాటు నత్తల్నీ రొయ్యల్నీ చంపుతుంది, మోతాదు మించితే చేపల్నీ. దుకాణాల్లో ఇచ్చే నీలి మందు మిథిలీన్ బ్లూ. అది చేపల బూజు తెగుళ్లకు, నాచుకు కాదు. గుప్పెడు ఉప్పు వేస్తే పోతుందన్న సలహా కూడా వినిపిస్తుంటుంది. ముందు పోయేవి మొక్కలు.

'సక్కర్' సంగతి

ఇవేవీ చెప్పకుండా చాలా దుకాణాల్లో ఒక్క ముక్కలో తేల్చేస్తారు. 'ఒక సక్కర్ వేయండి సార్, పాచి మొత్తం తినేస్తుంది.' రెండంగుళాల నల్లటి చేప. అద్దానికి నోరు అంటించి వేలాడుతుంటే పిల్లలకు భలే సరదా. మొదటి నెల నిజంగానే పాకుడు గీకి తింటుంది కూడా.

ఆ తర్వాత మొదలవుతుంది కథ. దక్షిణ అమెరికా నదుల్లో పుట్టిన ఈ సెయిల్‌ఫిన్ క్యాట్‌ఫిష్ అడుగున్నర దాకా పెరుగుతుంది. పదేళ్లకు పైగా బతుకుతుంది. పెద్దదయ్యేకొద్దీ పాకుడు మీద మోజు తగ్గి, ఇతర చేపలకు వేసిన గింజల మీద పడుతుంది. అర్ధరాత్రి నిదానంగా కదిలే గోల్డ్‌ఫిష్ ఒంటికి అతుక్కుని జిగురు పొరను పీల్చేయడమూ ఉంది. దాని విసర్జన చూస్తే నాచుకు ఇంతకన్నా పెద్ద ఎరువు బస్తా ఉండదేమో అనిపిస్తుంది! పాకుడు పోవడానికి తెచ్చింది కాస్తా పాకుడును పెంచే యంత్రమవుతుంది.

రెండడుగుల తొట్టిలో అడుగున్నర చేప. ఏం చేయాలి? చంపడానికి మనసొప్పదు. ఓ సాయంత్రం బకెట్లో వేసుకుని దగ్గర్లోని గెడ్డలోనో చెరువులోనో వదిలేస్తారు. జీవకారుణ్యం చూపామన్న తృప్తి కూడా మిగులుతుంది.

ఆ తృప్తి ఖరీదు ఎంతో హైదరాబాద్ శాస్త్రవేత్తలు లెక్క తీశారు. సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాలలో డాక్టర్ జి.ఉమాపతి బృందం తూర్పు కనుమల్లోని జలాశయాల నుంచి నీటి నమూనాలు తెచ్చి పరీక్షించింది. చేపను పట్టనక్కర్లేదు. అది ఈదిన నీళ్లలో రాలిన చర్మం, విసర్జనల్లోని డీఎన్ఏ ఆనవాళ్లు చాలు. 2023లో వెలుగులోకి వచ్చిన ఆ ఫలితాల ప్రకారం తూర్పు కనుమల్లోని 60 శాతం జలవనరుల్లోకి ఈ చేప చేరిపోయింది. ఎలా వచ్చిందంటే... అక్వేరియాలలో పాచి శుభ్రం చేస్తుందని, చూడ్డానికి వింతగా ఉంటుందని దిగుమతి చేసుకున్నదే!

ఒంటి నిండా ఎముక పలకల కవచం. రెక్కలకు గట్టి ముళ్లు. వలలో పడితే వల చిరిగిపోతుంది. విడదీయబోతే చేతులు గీరుకుపోతాయి. తీసుకెళ్లి అమ్ముదామంటే కొనేవాడుండడు. ఆక్సిజన్ తగ్గిన నీళ్లలోనూ పైకొచ్చి గాలి మింగి బతికేస్తుంది. గుడ్లు పెట్టడానికి గట్ల కింద సొరంగాలు తవ్వుతుంది, దాంతో గట్లు గుల్లబారతాయి. బొచ్చె, రాగండి కోసం వల వేసినవాడికి మిగిలేది చిరిగిన వల, ఆ రోజు కూలి నష్టం. హాల్లో అద్దం తుడిచే బద్ధకానికి ఎక్కడో చెరువు మీద బతికేవాడు కడుతున్న మూల్యమిది.

ఇప్పటికే సక్కర్ పెరిగి పెద్దదైతే పెద్ద తొట్టి ఉన్నవాళ్లకో, తిరిగి తీసుకునే దుకాణానికో ఇవ్వాలి. చెరువు, గెడ్డ, జలాశయం... ఎక్కడా వదలకూడదు. తొట్టిలో అంతరతామర ఎక్కువైనా అంతే, ఎండబెట్టి చెత్తలో వేయాలి. గుర్రపుడెక్క కూడా ఒకప్పుడు అందమైన పూలమొక్క అనే ఈ దేశానికి వచ్చింది!

పాకుడు తినే జీవి కావాలంటే చిన్నవి లేకపోలేదు. మోలీ చేపలు రోజంతా ఆకుల మీద పొరను పొడుచుకు తింటూ తిరుగుతాయి. విశాఖ బోరు నీళ్లు వాటికి బాగానే పడతాయి. నత్తలు సరే, వారింగ్టన్ నాటి నుంచీ ఉన్నవే. అయితే గింజలు ఎక్కువేస్తే నత్తలూ వందలవుతాయి. తొట్టిలో అడవుల్లాంటి తోటలు పెంచి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న జపాన్ ఫొటోగ్రాఫర్ తకాషి అమానో, దార నాచును తినే చిన్న రొయ్యను ఈ పనికి పెట్టాడు. ఇప్పటికీ దాన్ని అమానో రొయ్య అనే పిలుస్తారు. చల్లటి నీటిని ఇష్టపడే ప్రాణి. విశాఖ మే నెల వేడికి తట్టుకోవడం కష్టమే.

వెనక అద్దం మీద పలచగా ఓ పచ్చటి పొర ఉంటే ఉండనివ్వండి. మోలీలకు అది మధ్యాహ్నం పూట చిరుతిండి. ముందు అద్దం ఒక్కటీ తుడుచుకుంటే చేపలు కనిపిస్తాయి. అక్వేరియం కొన్నది అందుకే కదా. ఇక ఆదివారం ట్యూబుతో తీసిన ఆ బకెట్టు మురికినీళ్లున్నాయే... బాత్‌రూమ్‌లో పారబోయకండి. బాల్కనీలో కరివేపాకు కుండీకి పోయండి. నాచుకు పోవాల్సిన తిండంతా అందులోనే ఉంది.